మేకు లేని పడవ

కృష్ణ మీది శ్రీశైలం జలాశయపు వెనకనీళ్ళను మల్యాల దగ్గర తోడి హంద్రీ-నీవా కాలువలో పోస్తారు. ఆ నీళ్ళు పంపుల సాయంతో మెట్టు మెట్టుగా పైకెక్కి, కర్నూలు, అనంతపురం సీమలు దాటి, పుంగనూరు బ్రాంచి కాలువ గుండా మదనపల్లె వైపు, అక్కడి నుంచి కుప్పం దాకా వస్తాయి. కానీ మదనపల్లె వైపున్న కురబలకోట, అంగళ్ళు చుట్టుపక్కల తరతరాలుగా నీళ్ళంటే చెరువే. హార్సిలీ కొండల మీద గట్టి వాన పడి, వంకలు పారి, చెరువు నిండి, మరవ దుమికితే ఆ ఏడు పండగ. బాహుదా, పాపాఘ్ని ఏర్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు కనిపించేది ఇసుకే. అందుకే ఈ నేలలో పడవ కట్టే పని పుట్టలేదు. మా వైపు పల్లెల్లో ఈత రాని పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, పడవ ఎక్కనివాళ్ళు ఇంకా ఎక్కువమంది.

కృష్ణ నీళ్ళు ఇంతదూరం వచ్చాయి గానీ, ఆ నీళ్ళ మీద తిరిగే పడవ మాత్రం రాలేదు. శ్రీశైలం వెనకనీళ్ళలోనూ, తుంగభద్ర మీదా, కృష్ణ ఎగువ రేవుల్లోనూ జాలర్లు వేసుకుని తిరిగే ఆ గుండ్రటి వెదురు పడవను పుట్టి అంటారు. తుంగభద్ర ఒడ్డున హరిగోలు అనీ అంటారు. కుప్పం దాటి తమిళనాడులోకి దిగి కావేరి ఒడ్డున హొగెనకల్ చేరితే అదే పడవ పరిసల్. ఇంట్లో సొంత చేతులతో పడవ కట్టుకోవాలని కోరిక ఉన్న యువకులు ఇప్పుడు మన ఊళ్ళల్లోనూ కనిపిస్తున్నారు. విదేశీ నమూనాలు తెప్పించుకుని, కొయ్య కయాక్ ఎలా చెయ్యాలో చదువుకుంటున్నారు. వాళ్ళకు నేను చెప్పేది ఒకటే. కయాక్ చెయ్యండి, తప్పకుండా చెయ్యండి. కానీ ముందు పుట్టి కట్టడం నేర్చుకోండి. ఆ రెండూ ఒకే విద్య. ఒకటి మన పక్క నదిలోనే ఉంది.

చూడ్డానికి రెంటికీ పోలికే ఉండదు. కయాక్ సన్నగా, కోసుగా, నీటిని చీల్చుకుంటూ పోతుంది. పుట్టి తిరగేసిన గొడుగు మాదిరి గుండ్రంగా ఉండి, ఉన్నచోటనే గిరగిరా తిరుగుతుంది. అయితే లోపలి కట్టుబడి చూడండి. ఉత్తర ధ్రువ ప్రాంతంలో, గ్రీన్లాండ్, అలాస్కా తీరాల్లో బతికే ఇన్యూట్‌లు, వాళ్ళ ఇరుగుపొరుగు జాతుల వాళ్ళు మొదట చేసిన కయాక్‌లో పలకలు ఉండవు. అక్కడ చెట్లు పెరగవు గనుక సముద్రం ఒడ్డుకు కొట్టుకొచ్చిన కొయ్యను సన్నటి కమ్ములుగా చీల్చి, జంతువుల నరాలతో ముడివేసి, ఎముకల గూడు లాంటి చట్రం కట్టేవారు. దాని మీద సీల్ తోలు కప్పి కుట్టేవారు. మేకు ఒక్కటీ లేదు. పుట్టిలో కొయ్య బదులు వెదురు, సీల్ తోలు బదులు ఎద్దు తోలో ఎనుము తోలో. బరువు మోసేది చట్రం, నీళ్ళను ఆపేది తోలు. రెండు పనులూ రెంటికి వేరువేరుగా అప్పగించారు. పలకల పడవలో ఈ రెండు పనులూ కొయ్యే చెయ్యాలి. అందుకే దానికి లావుపాటి కొయ్య, వడ్రంగి, ఇనుము, పెట్టుబడి కావాలి. చట్రం, తోలు పడవకు కత్తి, చెయ్యి, ఓపిక చాలు.

పని వెదురుతో మొదలవుతుంది. లేత వెదురు ఎండేకొద్దీ ముడుచుకుపోతుంది, పురుగు తొందరగా పడుతుంది. బాగా ముదిరింది వంచితే పెళుక్కుమంటుంది. మూడేళ్ళు నిండిన బొంగు సరిపోతుంది. వెదురులో ఉండే పిండి పదార్థమే పురుగుకు తిండి. పిండి తక్కువగా ఉన్న కాలంలో నరికితే పుచ్చు తగ్గుతుంది. అమావాస్య రోజుల్లో నరకాలని పల్లెల్లో చెప్పుకునే మాట కూడా పుచ్చు భయం నుంచి వచ్చిందే. నరికిన బొంగును పచ్చిగా ఉండగానే చీలుస్తారు. ఎండిపోతే నీళ్ళలో నానబెట్టి మెత్తబరుస్తారు.

చీల్చడం చూస్తే చాలా సులువనిపిస్తుంది, కత్తి పడితే తెలుస్తుంది. కత్తి అంచు బొంగు చివర్లో దిగబడ్డాక ఇక కోసే పని లేదు, చీలిక తనంతట తానే నార వెంట పరుగెత్తుతుంది. కణుపు దగ్గర అది పక్కకు తప్పుకోవాలని చూస్తుంది. అప్పుడు ఎటువైపు సన్నమవుతోందో చూసి రెండోవైపును వంచితే చీలిక మళ్ళీ నడిమధ్యకు వస్తుంది. మేదరి వాళ్ళు దీన్ని కళ్ళతో కాక బొటనవేళ్ళతో చేస్తారు. బద్దకు పచ్చటి పైపొర ఉంటుంది, లోపల తెల్లటి మెత్తటి భాగం ఉంటుంది. నార దట్టంగా ఉండేది పైపొరలోనే, బలమంతా దానిదే. లోపలి మెత్తటి భాగాన్ని చెక్కి తీసేస్తేనే బద్ద విరగకుండా వంగుతుంది, తడికి కుళ్ళడమూ తగ్గుతుంది.

ఇక అడుగు భాగం. చదునైన నేల మీద వెడల్పాటి బద్దలను మూడు దిక్కుల నుంచి ఒకదాని మీదుగా ఒకటి, ఒకదాని కిందుగా ఒకటి పోయేట్టు పరుస్తారు. మధ్యలో ఆరు మూలల కళ్ళు ఏర్పడతాయి. ఎందుకు మూడు దిక్కులు? రెండు దిక్కుల అల్లికలో కళ్ళు నాలుగు మూలలుగా వస్తాయి. వదులైన నులక మంచం పట్టి ఒకవైపు లాగితే చతురస్రం కాస్తా వాలిపోయి ఏటవాలుగా సాగుతుంది చూశారా, రెండు దిక్కుల అల్లికకు ఆ గతి పడుతుంది. మూడో దిక్కు బద్ద అడ్డం పడితే కంటి చుట్టూ త్రికోణాలు ఏర్పడతాయి. త్రికోణం విరిగితే విరగాలి గానీ వాలదు. ఇనుప వంతెనల్లో ఇంజనీర్లు వాడేది ఈ సూత్రాన్నే. పుట్టి కట్టేవాళ్ళు ఏ లెక్కా రాసుకోకుండా దాన్ని చేతికి అలవాటు చేసుకున్నారు.

అడుగు అల్లిక కుదిరాక దాని నడుమ లావుపాటి బద్దలను అడ్డంగా, నిలువుగా దూర్చి బలపరుస్తారు. మనుషులు కాళ్ళు పెట్టేది, సరుకు దించేది అక్కడే. తరవాత అడుగు మీద బరువైన రాళ్ళు పెడతారు. చుట్టూ బయటికి పొడుచుకొచ్చిన బద్దల కొనలను ఒక్కొక్కటిగా పైకి లేపి వంచుతారు. మొత్తం పనిలో నిదానం కావలసిన ఘట్టం ఇదే. ఒక్క బద్ద ఎక్కువ వంగినా ఆ వైపు గోడ లోపలికి పడుతుంది. లేపిన బద్దల మధ్య నుంచి సన్నటి దబ్బలను వలయాలుగా చుట్టుకుంటూ పోతారు. గోడ లేచేకొద్దీ వలయాలు బిగుస్తాయి, బద్దలు తమంతట తామే నిలబడతాయి. గోడ ఎత్తు రెండడుగులకు కాస్త అటూ ఇటూ.

చివరగా అంచు. పుట్టికి ప్రాణమంతా అంచులోనే ఉందంటాను. గోడ పైకొనలను మలిచి, కొన్ని బద్దలను కట్టగా చేర్చి, చేతి మణికట్టంత లావున చుట్టూ వలయం తిప్పుతారు. కట్టలోని బద్దల అతుకులన్నీ ఒకేచోట పడకూడదు. ఒకదాని అతుకు ఉన్నచోట మిగతావి ఏకంగా ఉండాలి. ఆపైన నారతోనో తాడుతోనో దగ్గర దగ్గరగా చుట్టి బిగిస్తారు. మనుషులు ఎక్కినప్పుడు గోడలు బయటికి విచ్చుకోవాలని చూస్తాయి. వాటిని పట్టి ఉంచేది ఈ వలయమే. తోలును కట్టేదీ దీనికే. పడవను తలమీద మోసేటప్పుడు పట్టు దొరికేదీ దీనివల్లే.

పాతకాలంలో తోళ్ళను తోలుతాళ్ళతో కలిపి కుట్టి, తడిగా ఉండగానే చట్రం మీద కప్పి అంచుకు లాగి కట్టేవారు. ఎండేకొద్దీ తోలు ముడుచుకుని చట్రాన్ని బిగించి పట్టేది. నూనె పట్టించకపోతే తోలు నీళ్ళు పీలుస్తుంది, ఆరబెట్టకపోతే కుళ్ళుతుంది. అందువల్ల పని కాగానే పుట్టిని ఒడ్డుకు ఎత్తి బోర్లించడం అలవాటైంది. వలసపోయే జాలరి కుటుంబాలకు ఆ బోర్లించిన పుట్టే రాత్రికి కప్పు. ఇప్పుడు తోలు పోయింది. దాని చోట ప్లాస్టిక్ పట్టాలు, ఎరువుల సంచులు, టార్పాలిన్లు వచ్చాయి. వాటి మీద కరిగించిన తారు పూస్తారు. ఇందులోనూ ఒక ఒడుపుంది. తారును పొగలు కక్కేదాకా మరిగిస్తే అందులోని జిడ్డు ఎగిరిపోయి, ఆరాక పెళుసుబారుతుంది, పుట్టి వంగినప్పుడల్లా పగుళ్ళిస్తుంది. సన్నటి సెగ మీద, పారేంత పలచబడగానే దించాలి. మరీ వేడిగా పోస్తే కింది ప్లాస్టిక్ కరిగి రంధ్రం పడుతుంది.

గమనించవలసింది ఏమిటంటే, తోలైనా పట్టా అయినా అంచుకు కట్టిందే గానీ కొట్టింది కాదు. కావాలంటే మొత్తం ఊడదీసి చట్రాన్ని చూసుకోవచ్చు, విరిగిన బద్దను లాగి కొత్తది దూర్చవచ్చు. తోలు చిరిగితే మాసిక వేయవచ్చు. నది ఒడ్డున, ఊరికి దూరంగా, చేతిలో ఒక కత్తి తప్ప ఏమీ లేనివాడు కూడా తన పడవను తానే బాగుచేసుకోగలడు. పుట్టి విలువ నాకు అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఇక్కడే.

గుండ్రటి ఆకారాన్ని చూసి అమాయకపు పడవ అనుకుంటారు. వృత్తానికి ఒక గుణం ఉంది. తక్కువ అంచుతో ఎక్కువ చోటును చుట్టేది అదే. అంటే తక్కువ వెదురు, తక్కువ తోలు. చిన్న లెక్క వేసి చూద్దాం. అడుగు భాగం ఆరడుగుల వెడల్పు ఉన్న పుట్టి తీసుకుంటే దాని వైశాల్యం దాదాపు 2.6 చదరపు మీటర్లు. అది నీళ్ళలో ఒక్క సెంటీమీటరు దిగితే తోసే నీటి బరువు 26 కిలోలు. పుట్టి సొంత బరువు, ఇద్దరు మనుషులు, వల అన్నీ కలిపి 200 కిలోలు వేసుకున్నా అది నీళ్ళలో దిగేది ఎనిమిది సెంటీమీటర్లే, నాలుగు వేళ్ళ మందం. మోకాటి లోతు నీళ్ళలో, ఇసుక మేటల మీదుగా, చెరువు అంచున ఉన్న తుంగలో కూడా తిరుగుతుంది. పక్కలకు వెడల్పు ఎక్కువ గనుక తొందరగా ఒరగదు.

ఇంకో సంగతి తుంగభద్రను చూస్తేనే తెలుస్తుంది. హంపీ, ఆనెగొంది మధ్య ఆ నది నిండా గుండ్లే. పలకల పడవ గుండుకు తగిలితే పలక చీలుతుంది. పుట్టి తగిలితే కాస్త లోపలికి నొక్కుకుని, బయటికి ఉబికి, పక్కకు తిరిగి పోతుంది. ఆ రాతి నదికి అంతకన్నా తగిన పడవ మరొకటి నాకు తోచదు.

దీన్ని నడిపే తీరు వేరు. కయాక్‌లో కాళ్ళు చాపుకుని కూర్చుని, రెండు కొనలా రెక్కలున్న తెడ్డును కుడి ఎడమల వెనక్కి తోస్తారు. పుట్టిలో నడిపేవాడు ముందువైపు అంచు దగ్గర కూర్చుని, ఒంటిరెక్క తెడ్డును తనకెదురుగా ముందుకు చాచి, నీటిని తనవైపు లాక్కుంటాడు. ఒకసారి కాస్త కుడి నుంచి, మరోసారి ఎడమ నుంచి. పడవ ఎటు తిరగబోతోందో ముందే పసిగట్టి దానికి ఎదురు లాగాలి. ఆ లయ తప్పితే గిరగిరా తిరగడమే. లోతు తక్కువ ఉన్నచోట పొడుగాటి వెదురు గడతో అడుగుకు ఆనించి తోస్తారు. ఎదురు ప్రవాహంలో పుట్టితో పోట్లాడి లాభం లేదు. ఒడ్డున తలకెత్తుకుని ఎగువకు నడిచి, అక్కడ దించి, వాలుగా తేలుతూ అవతలి రేవు చేరాలి. నదితో పంతానికి పోని రవాణా ఇది.

ఈ పడవ ఎంత పాతదో చెప్పడం కష్టం గానీ, దాన్ని చూసి రాసిపెట్టినవాళ్ళు ఉన్నారు. శ్రీకృష్ణదేవరాయల కాలంలో, 1520 ప్రాంతంలో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఆనెగొంది రేవులో వీటిని చూశాడు. బుట్టల్లా గుండ్రంగా ఉంటాయనీ, లోపల బెత్తపు అల్లిక, పైన తోలు అనీ, పదిహేను ఇరవైమంది పడతారనీ, అవసరమైతే గుర్రాలనూ ఎద్దులనూ దాటిస్తారనీ, తిన్నగా పోలేక తిరుగుతూనే ఉంటాయనీ రాశాడు. నది దాటి అంతటి సామ్రాజ్య రాజధానికి పోవడం ఈ బుట్టల మీదే సాగింది. 1803 ఆగస్టులో మరాఠాల మీదకి వెళుతున్న ఆర్థర్ వెల్లెస్లీ, అహ్మద్‌నగర్ పట్టుకున్నాక, పొంగుతున్న గోదావరిని తన సైన్యంతో దాటింది కూడా అడవి కర్రతో అల్లి ఎద్దు తోళ్ళు కప్పిన బుట్ట పడవల మీదనే. దక్కను నదులు వానాకాలంలో సైన్యాలను ఆపేస్తాయని నమ్మిన కాలం అది. దేశవాళీ అల్లికను నమ్ముకున్నందువల్ల ఆ వాన అతనికి అడ్డం కాలేదు. పన్నెండేళ్ళ తరవాత వాటర్లూలో నెపోలియన్ను ఓడించిన డ్యూక్ ఆఫ్ వెల్లింగ్టన్ ఇతనే.

మద్రాసు రాజధానిలో మత్స్యశాఖ డైరెక్టరుగా పనిచేసిన జేమ్స్ హార్నెల్ దక్షిణాది పడవలను ఊరూరా తిరిగి చూసి, కొలిచి, బొమ్మలు గీసి భద్రపరిచాడు. తుంగభద్ర, కావేరి పుట్టిలకూ ఇరాక్‌లోని టైగ్రిస్ నది మీది గుండ్రటి పడవలకూ ఉన్న పోలికను పట్టించుకున్నవాళ్ళలో ఆయన ముఖ్యుడు. క్రీస్తు పూర్వం ఐదో శతాబ్దంలో హెరొడోటస్ బాబిలోన్ గురించి రాస్తూ అక్కడి తోలు పడవల సంగతి చెప్పాడు. ఎగువ దేశం నుంచి సరుకు వేసుకుని, వెంట ఒక గాడిదను కూడా ఎక్కించుకుని, ప్రవాహం వెంట దిగివచ్చేవారట. సరుకు అమ్మాక చట్రాన్నీ అమ్మేసి, తోళ్ళను గాడిద మీద వేసుకుని నడిచి ఇంటికి పోయేవారట. మళ్ళీ కొత్త చట్రం, పాత తోలు. చట్రాన్నీ తోలునూ వేరుగా ఉంచడంలో ఉన్న లాభం వర్తకులకు అప్పుడే తెలుసు.

బ్రిటిష్ మ్యూజియంలో బాబిలోనియా మట్టి పలకలు చదివే ఇర్వింగ్ ఫింకెల్ 2014లో అచ్చువేసిన పుస్తకంలో ఇంకా ఆశ్చర్యపోయే విషయం చెప్పాడు. ఇంచుమించు క్రీస్తు పూర్వం 1750 నాటి ఒక పలకలో, మహాప్రళయం నుంచి ప్రాణులను కాపాడే ఓడను గుండ్రంగా కట్టమని దేవుడు చెప్పినట్టు ఉంది. తాడు ఎంత, పక్కబద్దలు ఎన్ని, తారు ఎంత అన్న లెక్కలతో సహా. ఆ లెక్కలను తగ్గించి, అచ్చం అలాంటి ఓడనే కట్టి చూడాలని పూనుకున్నవాళ్ళు ఎంచుకున్న చోటు కేరళ. కట్టారు, నీళ్ళలోకి దించారు, తేలింది. దొరికిన తారు అంత మంచిది కాక లోపలికి నీళ్ళు ఊరాయి. తారు గురించి పైన అంతసేపు చెప్పింది అందుకే.

మళ్ళీ మన రేవులకు వస్తే, పుట్టి ఇంకా బతికే ఉంది. మక్తల్ దగ్గర పంచదేవ్‌పహాడ్ నుంచి కృష్ణ నడుమ ఉన్న కురువపురం దీవికి, శ్రీపాద శ్రీవల్లభుల దర్శనానికి పోయే భక్తులకు పుట్టి ప్రయాణం యాత్రలో భాగం. శ్రీశైలం వెనకనీళ్ళలో చేపలు పట్టి బతికేవాళ్ళలో ఉత్తరాంధ్ర తీరం నుంచి వలస వచ్చిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. సముద్రపు తెప్పలకు అలవాటుపడ్డ ఆ చేతులు నల్లమల నడుమకు వచ్చి పుట్టికి అలవాటుపడ్డాయి. ఇటీవల ఫైబర్ పుట్టిలు ఎక్కువయ్యాయి. ఆకారం అదే, అల్లిక మాత్రం లేదు. వాటిని నేను తప్పుపట్టను. ఏటా తారు పూసే శ్రమ తగ్గింది, జాలరికి అది చిన్న సంగతి కాదు. కానీ ఫైబర్ పగిలితే నది ఒడ్డున కత్తితో బాగుకాదు, రసాయనం కొనాలి. పడవ కట్టగల మనిషి పడవ కొనే మనిషిగా మారిపోతాడు. ఈ నష్టం ఏ లెక్కలోనూ కనిపించదు గనుక గట్టిగా చెప్పాలి.

తెలుగు నేల మీద కొయ్య పడవలకు లోటు లేదు. కోరంగి, తాళ్ళరేవు వడ్రంగులు సముద్రం దాటే తెరచాప ఓడలు కట్టారు. కొల్లేటిలో తాటి మానును తొలిచి దోనెలు చేశారు. అవి కోస్తా సంపద, తాడిచెట్టూ లోతునీళ్ళూ ఉన్న సీమ సంపద. మనకు దగ్గరైనది వెదురు.

ఇప్పుడు కయాక్ చేసుకోవాలన్నవాళ్ళ మాట. ధ్రువపు వేటగాడి పడవ యూరప్‌లో షికారు పడవగా మారడానికి బాట వేసినవాడు స్కాట్లండ్ న్యాయవాది జాన్ మెక్‌గ్రెగర్. 1865లో ఓక్ పలకలతో కట్టించుకున్న రాబ్ రాయ్ అనే ఒంటరి పడవలో యూరప్ నదులు ఎన్నో తిరిగాడు. 1907లో జర్మనీలోని రోజెన్‌హైమ్ ఊళ్ళో యోహాన్ క్లెప్పర్ అనే దర్జీ, విడదీసి సంచిలో పెట్టుకునే కయాక్‌ను అమ్మకానికి పెట్టాడు. కొయ్య చట్రం, పైన రబ్బరు పూసిన గుడ్డ. పాత చట్రం, తోలు సూత్రాన్ని ఒక దర్జీ తిరిగి పట్టుకున్నాడన్నమాట. నేడు ఇళ్ళల్లో చేసుకునే పద్ధతుల్లో తేలికైనది కుట్టు పద్ధతి. నాలుగు మిల్లీమీటర్ల ప్లైవుడ్‌ను నమూనా ప్రకారం కోసి, అంచుల వెంట చిన్న రంధ్రాలు వేసి, రాగి తీగతో కుట్టి, అతుకులకు ఎపాక్సీ జిగురు పట్టించి, పైన గ్లాస్ ఫైబర్ గుడ్డ అంటిస్తారు. పదిహేడు అడుగుల పడవ ఇరవై కిలోల చుట్టూ తూగుతుంది. ప్లైవుడ్ కొనేటప్పుడు దాని మీద ఐ.ఎస్. 710 ముద్ర ఉందో లేదో చూసుకోవాలి, అది నీళ్ళను తట్టుకునే మెరైన్ రకం. ఐ.ఎస్. 303 అన్నది సామాన్లకు వాడే మామూలు రకం, పడవలో పొరలు విడిపోతాయి. పని అందమైనదే. ఖర్చు మాత్రం ప్లైవుడ్, ఎపాక్సీల దగ్గరే గట్టిగా అవుతుంది. మొదటి పడవలో చెయ్యి తప్పితే అదంతా పోయినట్టే. వెదురు మీద తప్పితే ఒక బద్ద పోతుంది.

అల్లే చేతులు మన దగ్గర లేవా? మదనపల్లె టమాటా మార్కెట్టుకు ప్లాస్టిక్ క్రేట్లు రాకముందు వెదురు గంపలే దిక్కు. పట్టుపురుగులు పెంచే ఇళ్ళకు గుండ్రటి తట్టలు, గూళ్ళు కట్టడానికి చంద్రికలు అల్లి ఇచ్చింది కూడా వెదురు పనివాళ్ళే. అడుగు పరిచి, అంచు లేపి, వలయం బిగించడం గంపలో నేర్చిన మనిషికి పుట్టి కొత్త భాష కాదు, కొలత పెరిగిందంతే. మీ ఊళ్ళో ఇంకా గంప అల్లే మేదరి తాతో ఎరుకల అవ్వో ఉంటే వాళ్ళ ముందు కూర్చోండి. కూలి ఇచ్చి నేర్చుకోండి, ఊరికే కాదు. వెదురు విషయంలో చట్టం కూడా ఇప్పుడు అనుకూలం. 2017లో భారత అటవీ చట్టాన్ని సవరించి, అడవికి బయట పెరిగే వెదురును చెట్టు అన్న నిర్వచనం నుంచి తీసేశారు. పొలం గట్టున పెంచుకున్న వెదురును రైతు ఆ కేంద్ర చట్టపు అనుమతి అక్కర లేకుండా నరుక్కోవచ్చు, బండికెత్తుకోవచ్చు.

మొదటి పుట్టి చిన్నది చెయ్యండి, అంచు దగ్గర ఆరడుగులు చాలు. ముందు ఒక గంపంత నమూనా అల్లి, మూడు దిక్కుల అడుగు చేతికి వచ్చిందాకా విప్పి మళ్ళీ అల్లండి. పట్టా కప్పి తారు పూశాక నీడలో ఆరబెట్టాలి. మండుటెండలో పెడితే తారు కారి కిందికి జారుతుంది. దించేముందు లోపల నీళ్ళు పోసి బయట ఎక్కడ చెమ్మ వస్తోందో సుద్దతో గుర్తు పెట్టుకుంటే మాసిక ఎక్కడ వెయ్యాలో తెలుస్తుంది. ఆ తరవాత తేలించి, మనుషులకు బదులు ఇసుక సంచులు వేసి, అంచు నుంచి నీటిమట్టం దాకా ఎంత మిగిలిందో కొలవాలి. ఒక అడుగు కంటే తక్కువ మిగిలేంత బరువు ఎప్పుడూ వెయ్యకూడదు. పుట్టి ప్రమాదాల్లో కనిపించే కారణాలు ఎక్కువమందిని ఎక్కించడం, పొంగిన నదిలోకి దిగడం, లేచి నిలబడి అందరూ ఒకేవైపు జరగడం. ఎక్కేవాళ్ళందరికీ లైఫ్ జాకెట్ ఉండాలి, ఈత వచ్చినవాళ్ళకు కూడా. చెరువులో మరవ పారుతున్నప్పుడు దిగకండి, తూము దగ్గరికి పోకండి. కాలువల్లో అసలే వద్దు. సిమెంటు గట్లు నున్నగా ఏటవాలుగా ఉంటాయి, పడితే పట్టు దొరకదు. చెరువులో దించడానికి పంచాయతీనీ, చేపలు పట్టే సంఘాన్నీ అడిగి తీరాలి. వాళ్ళ వలలు ఎక్కడున్నాయో వాళ్ళే చెప్పగలరు.

ఎండాకాలం చెరువు అడుగంటగానే పట్టా ముడులు విప్పి, చట్రాన్ని బోర్లించి చూడండి. పుచ్చు సోకిన బద్ద తడితే పొడి రాలుతుంది, దాన్ని లాగేసి కొత్తది దూర్చాలి. అంచు కట్టు సడలి ఉంటే తడిపి మళ్ళీ బిగించాలి. వానలు మొదలయ్యేలోగా పట్టా తిరిగి కట్టి ఇంకో పూత తారు వేస్తే పుట్టి ఆ ఏటికి సిద్ధం.